ఇంటి వైఫై పెట్టెకు రెండు తాళములు

మన సంఘ సభ్యులలో కొందరి యిండ్లకు ఫైబరు తీగ వచ్చి, దాని చివర రౌటరు అను చిన్న పెట్టె అమర్పబడియున్నది. పైరుల సంగతి చెప్పవలసిన మేము పెట్టెల సంగతి యెత్తుట వింతగా తోచవచ్చును. కాని ధాన్యపు సొమ్ము చూచుకొనుటయు, మోటారు నడుపుటయు ఫోనులోనికి వచ్చిన పిదప ఇదియు సేద్యపు సంగతియే.

తీగ యింటిలోనే నిలుచును. పెట్టెనుండి వెలువడు తరంగములు గోడలు దాటి వీథిలోనికి పోవును. ఇతరుడు మన వైఫైతో చేసిన పని ముందుగా మన పేరనే లెక్కకు వచ్చును. 2008 జులైలో అహమ్మదాబాదు పేలుళ్లకు కొద్ది నిమిషముల ముందు పంపబడిన బెదరింపు లేఖ, నవీ ముంబయిలో కాపురమున్న ఒక అమెరికా దేశస్థుని వైఫై గుండా వెడలినట్లు తేలెను. నేరముతో సంబంధము లేకున్నను ఆయన పోలీసు విచారణకు లోనుగావలసి వచ్చెను.

ఈ పెట్టెకు తాళములు రెండు. వైఫైలో చేరుటకు అడుగు పాస్‌వర్డు మొదటిది. దీనిని అందరు నెరుగుదురు. పెట్టె అమరికలను మార్చుటకు కావలసిన పాస్‌వర్డు రెండవది. దీనిని తలచువారు అరుదు. పెక్కు పెట్టెలకు ఇది కర్మాగారములో పెట్టిన 'అడ్మిన్' అను మాటగానే మిగిలియుండును. అది లోకమెల్ల నెరిగినదే. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము ఇట్టి పాస్‌వర్డులను సుమారు 60 జతలు మాత్రమే ప్రయత్నించి, లక్షలకొలది కెమెరాలను, రౌటర్లను వశపరచుకొనెను. రెండవ తాళము చేజిక్కినవాడు మనము బ్యాంకు పుట కోరగా దొంగ పుటకు దారి మరల్చగలడు. అట్టి వేళ ఫోను హెచ్చరిక చూపినచో దానిని దాటి ముందునకు పోరాదు. కావున పెట్టె బిగించిన దినముననే ఈ మాట మార్చవలెను.

మొదటి తాళమునకు అమరికలలో డబ్ల్యూపీఏ3 ఉన్నచో దానిని, లేనిచో డబ్ల్యూపీఏ2ను ఎన్నుకొనవలెను. డబ్ల్యూఈపీ అను పాత పద్ధతి 2001లోనే భేదింపబడినది. డబ్ల్యూపీఏ2 పెట్టెకు ఫోను నంబరే పాస్‌వర్డైనచో, గాలిలోని సంకేతములను ఒకమారు పట్టుకొనినవాడు ఇంట కూర్చుండి కొద్ది గంటలలో దానిని కనుగొనగలడు. గిత్త, గొడుగు, చింతపండు, మంగళవారము - ఇట్లు పొంతనలేని నాలుగు మాటలను ఆంగ్లాక్షరములలో కలిపి వ్రాసిన గట్టిగానుండును, జ్ఞాపకమునకును తేలిక. (ఇచ్చట వ్రాసిన వానినే పెట్టుకొనవలదు.) వైఫై పేరును దాచిన చాలునని కొందరందురు, వాకిటి పేరుపలక తీసివేసినంతమాత్రమున దొంగకు ఇల్లు తెలియకపోదు.

డబ్ల్యూపీఎస్ అను సదుపాయమును ఆపివేయుడు. దాని పిన్ను ఎనిమిది అంకెలదైనను, పెట్టె దానిని రెండు ముక్కలుగా సరిచూచుటచే 11,000 ప్రయత్నములలో దొరకునని 2011లో బయటపడెను.

పెండ్లికి వచ్చిన చుట్టములందరికి ఇంటి పాస్‌వర్డు చెప్పుటకంటె, 'గెస్ట్' వైఫై వేరుగా తెరచుట మేలు. కెమెరాను, మోటారు స్టార్టరును దానిలోనే ఉంచవచ్చును.

అమరికల పుట చిరునామా పెట్టె అడుగునగల చీటీపై నుండును. పాస్‌వర్డు మరచిన యెడల వెనుకనున్న చిన్న రంధ్రములో పుల్ల గ్రుచ్చుటకు తొందరపడకుడు. ఫైబరు పెట్టెలలో కంపెనీవారి అమరికలును దానితో చెరగిపోవచ్చును; ముందుగా లైనుమనిషిని పిలువుడు.