పేరు మిగిలిన దారులు

రేసింగ్ గేము ఆడేవారికి కారు ఎంత ముఖ్యమో, అది పరుగెత్తే ట్రాకు అంతకంటె ముఖ్యం. మలుపులు ఎరిగినవాడే గెలుస్తాడు. అందుచేత సంస్థ ఇంకా విడుదల చేయని ట్రాకుల గురించి ముందుగానే ఆరా తీయడం ఆటగాళ్లకు అలవాటైంది. ఆ ఆరాకు తరచుగా ఆధారమయ్యేవి ఆ గేము వెబ్‌సైటులోని ఫైళ్లు.

వెబ్‌పేజీని తెరిచినప్పుడు మనకు బొమ్మలు, అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. ఏ బొమ్మను ఏ ఫైలు నుండి తెచ్చి ఎక్కడ అమర్చాలో తెలిపే ఆదేశపాఠం వాటి వెనుక ఉంటుంది. దానిని బ్రౌజరులో ఎవరైనా చదువవచ్చు. ఏ తాళమూ పగులగొట్టనక్కరలేదు. పేజీలో ఎనిమిది ట్రాకులే కనిపిస్తూ, ఆదేశపాఠంలో తొమ్మిదవ ట్రాకు పటం పేరు కూడ ఉన్నదనుకొందాం. రాబోయేదానిని ముందే సిద్ధపరచి ఉంచారని ఊహించవచ్చు. కాని అది సంస్థ విరమించుకొన్న ట్రాకు కావచ్చు. పరీక్ష కోసం పెట్టిన ఉత్తపేరైనా కావచ్చు.

ఒక్కొక్కప్పుడు వస్తువే దొరుకుతుంది. 2003లో నింటెండో గేమ్‌క్యూబ్ కోసం ఎఫ్-జీరో జీఎక్స్ అనే రేసింగ్ గేము వెలువడింది. దానికి జంటగా, ఆటశాలలలోని యంత్రాల కోసం ఎఫ్-జీరో ఏఎక్స్‌ను రూపొందించారు. పదేళ్ల తరువాత, 2013లో, మొదటి గేము డిస్కులోనే రెండవది కూడ దాగి ఉన్నదని ఔత్సాహికులు కనుగొన్నారు. అన్నేళ్లూ అది కొన్నవారి ఇళ్లలోనే ఉన్నది!

ఈ విద్య మన సాహిత్య పరిశోధకులకు కొత్తది కాదు. శ్రీనాథుడు కాశీఖండం అవతారికలో తన రచనలను వయస్సు క్రమంలో పేర్కొన్నాడు. బాల్యంలో మరుత్తరాట్చరిత్ర, తొలి యౌవనంలో శాలివాహన సప్తశతి రచించానన్నాడు. ఆ వరుసలోని నైషధం, భీమేశ్వర పురాణం నేటికీ మన చేతిలో ఉన్నాయి. మొదటి రెండూ గ్రంథరూపంలో దక్కలేదు. కవి స్వయంగా చెప్పినందున అవి ఉండేవని నమ్ముతున్నాము. ఎట్లా ఉండేవో మాత్రం చెప్పలేము. విశేషమేమంటే, అదే పద్యంలో ఇక కాశీఖండాన్ని తెనిగిస్తానన్న ప్రకటన కూడ ఉన్నది. ఆ మాట నెరవేరింది. రాజమహేంద్రవరాన్ని ఏలిన వీరభద్రారెడ్డికి ఆ గ్రంథం అంకితమైంది.

కొన్ని కావ్యాల విషయంలో పేరుతోపాటు నాలుగు పద్యాలైనా మిగిలాయి. పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరం వంటి సంకలనాలే వాటిని కాపాడాయి. అలా అలభ్యమైన కావ్యాల పద్యాలను ఏరి వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రబంధరత్నావళిగా ప్రకటించారు. ఈ శ్రమకు తగినంత గుర్తింపు రాలేదనే చెప్పాలి.

అడ్డతీగల విద్యార్థి ఈ పరిశీలనను తన ఊరి పేరుతోనే ఆరంభించవచ్చు. మన్యంలో విస్తళ్లు కుట్టే అడ్డాకు ఒక పెద్ద తీగకు కాస్తుంది. ఊరి పేరులో ఆ తీగ వినిపిస్తున్నది. అయినా పేరు అందువల్లనే వచ్చిందని వెంటనే రాయకూడదు. పాత రికార్డులలో ఆ పేరును ఎట్లా రాశారో, ఊరి పెద్దలు ఏమంటారో, చుట్టుపక్కల అడవిలో ఆ తీగ ఏపాటి ఉన్నదో ముందు చూడాలి.