కళ్లకు కాపడం.. వేడి ఎంత ఉండాలి?

ప్రశ్న: నా వయసు 38. రోజంతా కంప్యూటర్ ముందే పని. సాయంత్రానికి కళ్లు మండుతాయి, గరగరలాడతాయి. డాక్టరు డ్రై ఐ అన్నారు. అవెన్‌లో వేడిచేసి కళ్లపై పెట్టుకునే మాస్కు కొన్నాను. రోజూ వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వాడొచ్చమ్మా. రెప్పల అంచుల్లో సన్నని నూనె గ్రంథులుంటాయి. అవి విడిచే నూనె కన్నీటిపై పొరలా పరచుకుని, తడి త్వరగా ఆరిపోకుండా చూస్తుంది. ఆ నూనె పేరుకున్న నెయ్యిలా గ్రంథుల్లోనే ఉండిపోతే కన్ను పొడిబారుతుంది. వేడి దాన్ని కరిగిస్తుంది. కన్నీరే తక్కువగా ఊరేవారికి మాత్రం కాపడంతో అంత ఫలితం ఉండదు.

వేడి 40-42 డిగ్రీల సెల్సియస్ చాలు. చిక్కంతా అవెన్‌తోనే. మాస్కు అంతటా ఒకేలా వేడెక్కదు. ఒకచోట గోరువెచ్చగా ఉంటే మరోచోట చురుక్కుమంటుంది. ప్యాకెట్‌పై రాసిన సమయం మించొద్దు. బయటకు తీశాక బాగా కదిపి, మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. అక్కడ ఓర్చుకోలేని వేడిని రెప్ప అసలే ఓర్చుకోదు. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి, కళ్లు మూసుకుని 8-10 నిమిషాలు ఉంచుకోండి. అలాగే నిద్రపోవద్దు. తర్వాత శుభ్రమైన వేలితో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరండి. కనుగుడ్డును నొక్కడం, నలపడం వద్దు. కాసేపు చూపు మసకగా ఉన్నా కంగారు పడకండి.

కళ్లకలక ఉన్నవారు, ఇటీవల కంటి ఆపరేషన్ అయినవారు, ముఖంపై స్పర్శ తగ్గినవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. నొప్పి, ఎర్రదనం, వెలుతురు చూడలేకపోవడం, తగ్గని మసక.. వీటిలో ఏది కనిపించినా మాస్కు పక్కనపెట్టి, ఆ రోజే కంటి డాక్టరును కలవండి.