ఉస్తాద్ లేకుండా కారు పెయింటింగ్: ఏ సామాను ఎప్పుడు కొనాలి?

కారు బంపరు మీద జానెడు గీత పడింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి ఆ తగ్గింపు 20 శాతం, వరుసగా ఐదేళ్లు దాటితే 50 శాతం. పైగా 1500 సీసీ లోపు కారైతే ప్రతి క్లెయిమ్‌లో మొదటి 1,000 రూపాయలు యజమానే పెట్టుకోవాలి. అందుకే లెక్క తెలిసినవాళ్లు చిన్న గీతకు క్లెయిమ్ జోలికి పోరు, దగ్గర్లో టచప్ చేసేవాళ్లను వెతుక్కుంటారు. వికారాబాద్‌లోనో తాండూరులోనో సెల్‌ఫోన్ వీడియోలు చూసి పని నేర్చుకున్న కుర్రాడికి అన్నం పెట్టేది ఈ గిరాకీయే. యాక్సిడెంట్ బండ్లు ఎలాగూ ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పందమున్న పెద్ద గ్యారేజీలకు పోతాయి. వాటి మీద ఆశపడి అప్పు చేసి షెడ్డు వేయకండి. చేతిలో ఉన్న సామాను తన ఖరీదు తాను సంపాదించాకే తర్వాతిది కొనాలి. కింది వరుస అంతా ఆ లెక్కమీదే నడుస్తుంది.

1. స్ప్రే గన్ పట్టకముందే సంపాదన

గీత మీద గోరు అడ్డంగా గీకి చూడండి. గోటికి తగలకపోతే అది పైనున్న క్లియర్ కోటులోనే ఉంది. 2000 నంబరు వాటర్ పేపరు, కాంపౌండ్, పాలిష్‌తో చాలావరకు పోతుంది. గోరు ఆగిందంటే లోతుగా దిగింది, ఆ పని ఇప్పుడే ఒప్పుకోవద్దు. స్పీడు తగ్గించుకోగల బఫింగ్ మెషీన్ ఒక్కటుంటే ఈ దశకు చాలు. తలుపు అంచుల మీద, బానెట్ మడతల మీద మెషీన్‌ను ఆపకండి. అక్కడ క్లియర్ పలచగా ఉంటుంది, క్షణంలో కాలి కింది రంగు బయటపడుతుంది. దసరా ముందు వారం ఈ ఒక్క పనికే బండ్లు వరస కడతాయి.

2. చెయ్యి కుదరడం

సాధన కోసం పాత ఇనుప సామాను కొట్టులో నలిగిన తలుపులు, బానెట్లు కొనుక్కోండి. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో సుధా కార్స్ మ్యూజియం తెరిచిన కె. సుధాకర్ కూడా బడి రోజుల్లో పాత ఇనుముతోనే బండ్లు చేయడం మొదలుపెట్టారు.

డబ్బులొచ్చే సాధన కావాలంటే తాండూరులో కొదవ లేదు. బండలు మోసే ట్రాక్టర్ ట్రాలీలకు ఎనామిల్ రంగు కొట్టండి. ఎనామిల్‌కు హార్డనర్ లేకుండానే నడుస్తుంది. అద్దంలాంటి మెరుపు ఎవరూ అడగరు. గన్‌ను రేకుకు ఆరేడు అంగుళాల దూరంలో పట్టుకోండి. మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదలాలి. ప్రతి పట్టీ ముందు పట్టీని సగం కప్పాలి. రంగు కారడం మానేదాకా కారు జోలికి పోవద్దు.

3. కొనే వరుస

ముందు మాస్కు. కార్లకు కొట్టే టూకే క్లియర్ హార్డనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా అయితే ఆ తర్వాత కాస్త ఆవిరి తగిలినా ఆయాసమే, ఈ పనికి దండం పెట్టాల్సిందే. ముక్కుకు దస్తీ కట్టుకొని పాతికేళ్లు కొట్టామని చెప్పే ఉస్తాదులుంటారు. వాళ్ల దగ్గర పని నేర్చుకోండి, ఆ దస్తీ అలవాటు మాత్రం వద్దు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొని, వాడనప్పుడు గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఐసోసైనేట్ వాసన తెలిసేలోపే దాని మోతాదు ప్రమాద స్థాయి దాటిపోతుంది కాబట్టి వాసన వచ్చాక మారుద్దామంటే కుదరదు, తేదీ రాసుకొని మార్చాలి. పని పెరిగాక బయటి గాలి పైపుతో అందే మాస్కుకు మారడం ఇంకా మంచిది. కళ్లద్దాలు, గ్లౌజులు సరేసరి.

తర్వాత కంప్రెసర్. కొట్టువాళ్లు ట్యాంకు ఎన్ని లీటర్లో చెబుతారు. మీరు మాత్రం నిమిషానికి ఎంత గాలి ఇస్తుందని, అంటే సీఎఫ్ఎం ఎంతని అడగండి. గన్ అడిగే గాలి కంటే అది ఎక్కువుండాలి. ఇంటి కరెంటు మీద నడిచే 2 హెచ్‌పీ మెషీన్‌తో ఒక్కో తలుపు, ఒక్కో బంపరు చేసుకోవచ్చు. కారంతా ఒకేసారి కొడదామంటే మధ్యలో గాలి అందక రంగు గరుకుగా పడుతుంది. నీళ్లు పట్టే ఫిల్టరు తప్పనిసరి. సాయంత్రం ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదిలేయండి.

గన్ ఆఖర్న. రంగు ఉండే బేస్ కోటుకూ క్లియర్‌కూ 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్, ప్రైమర్‌కు 1.7 దగ్గరలో మరోటి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చేత్తో పట్టుకొని చూసి ఎంచుకోండి. ఖరీదైన గన్‌కు తడి గాలి పెడితే లాభం లేదు. మామూలు గన్‌ను రోజూ విప్పి కడుగుతూ పొడి గాలి అందిస్తే చక్కగా పనిచేస్తుంది.

4. దుమ్ము

తాండూరులో పెయింటర్‌కు అసలు శత్రువు ఇదే. నాపరాయి పాలిషింగ్ యూనిట్ల పొడి, సిమెంటు లారీల దుమ్ము గాలిలోనే ఉంటాయి. తడి క్లియర్ మీద ఒక్క నలుసు పడినా మొటిమలా పైకి తేలుతుంది. లారీలు రోడ్డెక్కకముందే, తెల్లవారుజామున క్లియర్ కొట్టండి. నేల తడపండి, చుట్టూ ప్లాస్టిక్ షీటు కట్టండి, ఫ్యాను ఆపండి. ముందు ప్యానెల్‌ను క్లీనర్‌తో తుడిచి, ఆ తర్వాత జిగురు గుడ్డతో నలుసులు ఎత్తేయండి. డాష్‌బోర్డు మెరిపించే సిలికాన్ పాలిష్‌ను షెడ్డులోకి రానివ్వకండి. దాని జిడ్డు ఉన్నచోట రంగు చేపకళ్లలా గుంటలు పడుతుంది. ఇన్ని చేసినా ఒకటి రెండు నలుసులు పడతాయి. బాగా ఆరాక 2000 పేపరుతో మెల్లగా కోసి పాలిష్ పట్టండి.

అనంతగిరి కిందున్న వికారాబాద్‌లో వానాకాలం తేమ బాధ. చినుకు పడుతుంటే క్లియర్ కొట్టడం ఆపేయండి. మే నెల ఎండకు నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలి, లేకుంటే రంగు రేకును చేరేలోపే పొడిగా మారుతుంది.

5. ధర కట్టడం

తలుపుకు 3,000 రూపాయలు చెప్పారనుకుందాం. లప్పం, ప్రైమర్, రంగు, క్లియర్, హార్డనర్, థిన్నర్, పేపర్లు, టేపు అన్నీ కలిపి 1,300 అయిందనుకుందాం. మిగిలిన 1,700 రెండు రోజుల కూలి. అందులోంచి 300 తీసి సామాను డబ్బాలో వేయండి. 24,000 రూపాయల కంప్రెసర్ అలా 80 తలుపులకు సొంత డబ్బుతో తీరుతుంది. ఆలోగా పాతది కొని వాడండి.

మొదట్లో సిల్వర్ కార్లు ఒప్పుకోకండి. మెటాలిక్ రేణువులు మచ్చలు మచ్చలుగా పడతాయి, పక్క ప్యానెల్‌తో కలవదు, రెండోసారి కొడితే కూలి మొత్తం పోతుంది. పర్ల్ లేని తెలుపు, ఎరుపు లాంటి సాదా రంగులతో మొదలుపెట్టండి. ప్లాస్టిక్ బంపరుకు ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోతే పెచ్చులూడుతుంది, ఆ డబ్బా ఖర్చూ ధరలో కలపండి.

సామానుకు సరిపడా అడ్వాన్స్ తీసుకోందే డబ్బా మూత తీయొద్దు. ఊళ్లో తెలిసినవాళ్లే ఉద్దెర పెడతారు. తాండూరు కంది అమ్ముడుపోయే జనవరి, ఫిబ్రవరి నెలల్లో రైతుల చేతిలో డబ్బు ఆడుతుంది. పాత బాకీలు అడగడానికీ, కొత్త పని పట్టడానికీ అదే అదను.

అప్పు తప్పదంటే ముద్రా శిశు కింద 50,000 రూపాయల వరకు పూచీ లేకుండా బ్యాంకులిస్తాయి. ఉద్యమ్ నమోదు ఉచితం, ఏజెంట్లకు డబ్బులివ్వకండి. పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో రాళ్లు కొట్టేవాళ్లున్నారు గానీ కారు పెయింటర్లు లేరు, ఆ దరఖాస్తు కోసం తిరగొద్దు.

6. రంగు మార్చమని వస్తే

తెల్ల కారును నల్లగా మార్చాలంటే ఆర్సీలోనూ రంగు మారాలి. అందుకు యజమాని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. ముందే చెప్పి, బిల్లు మీద పాత రంగు, కొత్త రంగు రాసి ఇవ్వండి. ఆర్సీ చూపించమని అడిగి, దానిలోని ఛాసిస్ నంబరు బండి మీదున్నదానితో కలిసిందో లేదో చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. ఆర్సీ లేకుండా రాత్రికి రాత్రే రంగు మార్చమని ఎవరైనా రెట్టింపు డబ్బు ఇవ్వబోతే ఆ బండి షెడ్డులోకి రానివ్వకండి.