సందేహాలు – సమాధానాలు: ముద్ర లేని అర్రేలు

ప్రశ్న: మా పాత అప్లికేషన్‌ను, జావాను జావాస్క్రిప్ట్‌గా మార్చే జీడబ్ల్యూటీ 2.8కి మార్చాం. జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఇచ్చే పేర్ల అర్రేను ఆబ్జెక్ట్‌గా అందుకుని, స్ట్రింగ్ అర్రేగా కాస్ట్ చేస్తే క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తోంది. కన్సోల్‌లో చూస్తే లోపలున్నవన్నీ స్ట్రింగులే. తప్పెక్కడ?

సమాధానం: మీ డేటాలో తప్పేమీ లేదండీ. మీరు జావాలో స్ట్రింగ్ అర్రే రాసినా, కంపైలయ్యాక అది మామూలు జావాస్క్రిప్ట్ అర్రేనే. కాకపోతే ‘ఇది స్ట్రింగ్ అర్రే’ అని కంపైలర్ దానికో టైప్ ముద్ర వేస్తుంది. కాస్ట్ చూసేది ఆ ముద్రనే, లోపలి విలువల్ని కాదు. బయటి లైబ్రరీ తయారుచేసిన అర్రేకి ఆ ముద్ర ఎవరు వేస్తారు?

నేటివ్ మెథడ్ రిటర్న్ టైప్‌గా నేరుగా స్ట్రింగ్ అర్రే అని రాస్తే కంపైలర్ మీ మాట నమ్ముతుంది, తనిఖీ పెట్టదు. ఆ అర్రేనే ఆబ్జెక్ట్‌గా తిప్పి మళ్లీ కాస్ట్ చేశారో, ఎక్సెప్షన్ తప్పదు. చాలామంది ఇక్కడ అన్‌చెక్డ్ కాస్ట్ పెట్టి ఊపిరి పీల్చుకుంటారు. అది విలువను ఏమీ మార్చదు, తనిఖీని దాటేస్తుందంతే. అర్రేలో పొరపాటున ఒక నంబర్ ఉంటే, ఆ సంగతి ఎక్కడో పది ఫైళ్ల అవతల బయటపడుతుంది. అలాంటి బగ్ కోసం నేను రెండు రోజులు వెతికాను. అప్పటినుంచి ఎలిమెంటల్2 లైబ్రరీలోని జేఎస్‌అర్రేగా అందుకుని, కొత్త స్ట్రింగ్ అర్రే తీసుకుని, లూప్‌లో ఒక్కొక్కటీ స్ట్రింగ్‌గా కాస్ట్ చేసి నింపుతున్నాను. నాలుగు లైన్లు ఎక్కువైనా, పాడు విలువ గడప దగ్గరే పట్టుబడుతుంది.

ప్రశ్న: జేఎస్‌అర్రే ఆఫ్ ఇంటిజర్ అని పెట్టాను. అందులో 5 ఉంది. తీసి ఇంట్‌లో వేస్తే మళ్లీ అదే ఎక్సెప్షన్!

సమాధానం: జీడబ్ల్యూటీ 2.8లో స్ట్రింగ్, బూలియన్, డబుల్ అనే మూడూ జావాస్క్రిప్ట్ సొంత విలువలే. ఇంటిజర్ అలా కాదు, అది విడిగా ఒక ఆబ్జెక్ట్. జావాస్క్రిప్ట్ నుంచి వచ్చిన 5 జావా కంటికి డబుల్ మాత్రమే. అర్రేను డబుల్‌గా ప్రకటించి, తీసేటప్పుడు ఇంట్‌వాల్యూ పిలవండి.

ప్రశ్న: సర్వర్ నుంచి వచ్చే ఐడీల్లో చివరి అంకె మారిపోతోంది.

సమాధానం: సర్వర్‌లో మీ ఐడీ లాంగ్ అయితే దానికి 64 బిట్లు. జావాస్క్రిప్ట్ నంబర్ మాత్రం పూర్ణసంఖ్యల్ని 53 బిట్ల వరకే కచ్చితంగా పట్టుకుంటుంది. జేసన్‌లో 9007199254740993 పంపి చూడండి, బ్రౌజర్‌లో 9007199254740992 అవుతుంది. పార్స్ అయ్యేటప్పుడే అంకె పోతుంది కాబట్టి, తర్వాత ఏ కాస్ట్ పెట్టినా అది తిరిగి రాదు. సర్వర్ వైపు ఐడీని కొటేషన్ మార్కుల్లో పెట్టి స్ట్రింగ్‌గా పంపించండి. జావా కోడ్‌లో లెక్క చేయాల్సి వస్తేనే పార్స్‌లాంగ్ వాడండి. చూపించడానికీ పోల్చడానికీ స్ట్రింగే చాలు.