వ్యాపారపు లెక్కలకు తగిన డేటాబేస్ ఏది? – ఒక పరిశీలన

1970వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన మన జిల్లా ఒంగోలు జిల్లా అను పేరుతో ఏర్పడినది. నెల్లూరు జిల్లా నుండి దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు ప్రాంతములును, కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములును, గుంటూరు నుండి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు భాగములును వచ్చి ఇందులో చేరినవి. 1972లో దీనికి ప్రకాశం జిల్లా అని పేరు మార్చిరి. మూడు జిల్లాల కాగితములు ఒక చోటికి చేరినపుడు, ఒకే విషయము మూడు తీరుల వ్రాయబడి ఉన్నచో సరిచూచుట ఎంత కష్టమో విద్యార్థులు ఊహింపగలరు. చిత్రమేమనగా, అదే 1970 జూన్ నెలలో, అమెరికాలో ఐబీఎం సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు ఇట్టి కష్టమునకు దగ్గరి సంబంధము గల ఒక వ్యాసమును ప్రకటించినాడు. సమాచారమును పట్టికలుగా అమర్చి, ఒక విషయమును ఒక్కచోటనే వ్రాసి, పట్టికల నడుమ సంబంధమును ఉమ్మడి గుర్తులతో కలుపవచ్చునని అందలి సారాంశము. నేటి రిలేషనల్ డేటాబేస్‌లన్నింటికిని అదియే మూలము.

దీనిని మన ఊరి మాటలలో చెప్పుకొందము. దర్శిలో ఒక ఎరువుల కొట్టు ఉన్నదనుకొందము. రైతులు మిరప, పొగాకు, కంది సాగుచేయుచు, ఎరువులు అరువుకు తెచ్చుకొని, పంట అమ్మిన పిదప బాకీ తీర్చుదురు. కొట్టువారు దినవారీ చిట్టాను, ఆసామీవారీ ఆవర్జాను వ్రాయుదురు. (జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు – ఈ మాటలన్నియు ఉర్దూ, పారసీకముల దారిన తెలుగు లెక్కలలోనికి వచ్చినవే. మన పత్రిక పాఠకులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.) మస్తాన్ వలి అను పేరు మన ప్రాంతమున ఎందరికో కలదు. గుమాస్తా ఒకనాడు 'షేక్ మస్తాన్ వలి' అనియు, మరియొకనాడు 'మస్తాను సాయిబు' అనియు వ్రాసినచో, ఆవర్జాలో ఒక మనిషి ఇద్దరగును. బాకీ ఒక పుటలో నిలుచును, కట్టిన జమ మరియొక పుటలో పడును. పంట చేతికి వచ్చిననాడు, తీర్చిన అప్పునే ఆ రైతు మరల తీర్చవలసి వచ్చును. రసీదు పోగొట్టుకొన్నవాని మాట ఎవరు విందురు?

రిలేషనల్ పద్ధతిలో రైతులకొక పట్టిక, సరుకులకొక పట్టిక, అమ్మకములకు, జమలకు వేరువేరు పట్టికలు ఉండును. ప్రతి రైతునకు ఒక సంఖ్య. అమ్మకపు పట్టికలో పేరు ఉండదు, ఆ సంఖ్యయే ఉండును. రైతుల పట్టికలో లేని సంఖ్యతో అమ్మకము వ్రాయబోయినచో, ముందుగా ఆ నియమము పెట్టియున్న పక్షమున, యంత్రము అంగీకరింపదు. అయితే ఒకే మనిషికి గుమాస్తా రెండు సంఖ్యలు ఇచ్చినచో యంత్రము దానంతటది పట్టుకొనలేదు. ఫోను నంబరు రెండుమార్లు రాకూడదను వంటి మరియొక నియమము మనమే పెట్టుకొనవలెను. ఆ పని ఎంత ధర పెట్టి కొన్న సాఫ్ట్‌వేరును మనకు బదులు చేసిపెట్టదు.

ఇంతవరకు ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ అన్నియు ఒకే జాతివి. అన్నింటిలోను ఎస్‌క్యూఎల్ అను ప్రశ్నాభాషయే నడచును. భేదములు మరియొక చోట కలవు.

మొదటిది కరెంటు పోయినప్పటి సంగతి. రెండు బస్తాల యూరియా అమ్మినపుడు సరుకు నిల్వ తగ్గవలెను, రైతు బాకీ పెరుగవలెను. ఈ రెంటి నడుమ కరెంటు పోయినచో? రెండును జరిగి తీరవలెను, లేదా రెండును జరుగకుండవలెను. దీనినే ట్రాన్సాక్షన్ అందురు. ఇందుకు డేటాబేస్‌లు చేయు ఉపాయము మన పాత గుమాస్తాలు ఎరిగినదే. జరుగవలసిన మార్పును ముందు ఒక వరుస చిట్టాలో వ్రాసి, పిమ్మట తీరికగా పట్టికలలోనికి ఎక్కించును. కరెంటు తిరిగి వచ్చినంతనే ఆ చిట్టాను చదివి, పూర్తియైన వానిని నిలుపుకొని, సగములో ఆగిన వానిని కొట్టివేయును. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈ విధముగా నడచును. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రము ఒక మెలిక కలదు. పూర్వము అందు వాడుకలో నుండిన మైఐసామ్ అను పట్టిక రకమునకు ట్రాన్సాక్షన్ తెలియదు. 2010లో వచ్చిన 5.5 సంచిక నుండి ఇన్నోడీబీ అనునది మామూలు రకమైనది, దానికి తెలియును. పాత ప్రోగ్రాములు కొనువారు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడుగవలెను. ఒకప్పుడు అనేక కార్యాలయములలో నడచిన ఫాక్స్‌ప్రో సంగతి చెప్పుటయే అనవసరము. 2004 నాటి తొమ్మిదవ సంచికయే దాని చివరిది, 2015లో మైక్రోసాఫ్ట్ దానికి తోడ్పాటు నిలిపివేసినది.

రెండవది, ఎందరు ఒకేమారు వ్రాయుదురనుట. ఎస్‌క్యూలైట్ 2000లో పుట్టినది, ఉచితము. డేటాబేస్ అంతయు ఒక్క ఫైలు. మన చేతిలోని ఫోనులలో పనిచేయునది ఇదియే. కరెంటు పోయినను ఇది ట్రాన్సాక్షన్‌ను సగములో విడువదు. కాని ఒక సమయమున ఒక్కరే వ్రాయగలరు. ఒక గల్లాపెట్టె గల కొట్టునకు ఇంతకు మించినది అక్కరలేదని మా అభిప్రాయము. మార్కాపురము పలకల వ్యాపారివలె ఫ్యాక్టరీ, గిడ్డంగి, ఆఫీసు వేరువేరుచోట్ల ఉన్నవారికి అది చాలదు. వారికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గాని, మైఎస్‌క్యూఎల్ గాని, పెద్ద కంపెనీల సరుకు గాని కావలెను.

ఖరీదు మాటకు వత్తుము. పెద్ద కంపెనీలు రెండును ఉచిత సంచికలు ఇచ్చుచున్నవి గాని వానికి హద్దులు కలవు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఉచిత సంచికలో ఒక డేటాబేస్ 10 గిగాబైట్లు దాటరాదు. ఒరాకిల్ ఉచిత సంచికలో 12 గిగాబైట్ల సమాచారము, 2 గిగాబైట్ల జ్ఞాపకము వరకే. కొట్టు లెక్కలకు ఇది చాలకాలము వచ్చును. కాని వ్యాపారము పెరిగి హద్దు దాటిననాడు కొనక తప్పదు. మైఎస్‌క్యూఎల్ కథ వేరు. 2008లో సన్ సంస్థ దానిని కొనెను, 2010లో సన్‌ను ఒరాకిల్ కొనెను. యజమాని మారునను భయముతో దాని తొలి కర్తలలో ఒకరు 2009లోనే మరియాడీబీ అను వేరు శాఖను ఆరంభించిరి. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పుట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఏ ఒక్క కంపెనీ సొత్తును కాదు.

ఇక మనకు అన్నింటికంటె దగ్గరి విషయము లిపి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు, ఉర్దూ అక్షరము రెండు బైట్లు. 'దర్శి' అను మాటలో కంటికి రెండక్షరములే కనిపించినను, ద, ర, హలంతపు గుర్తు, శ, గుడి అని ఐదు సంకేతములు, అనగా పదునైదు బైట్లు. అదే మాట ఉర్దూలో దాల్, రే, షీన్, యే – ఎనిమిది బైట్లు. ఒరాకిల్‌లో పేరునకు 20 అని పొడవు ఇచ్చినచో, మనము మార్చనంతవరకు, అది 20 బైట్లని లెక్కించును. తెలుగున ఆరు సంకేతములు మించిన పేరును త్రోసిపుచ్చును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ ఇరువది సంకేతములనియే భావించును. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌క్యార్ అను మామూలు రకమున తెలుగు వ్రాసినచో సాధారణముగా పేరు బదులు ప్రశ్నార్థకములు మిగులును. ఎన్‌వార్‌క్యార్ అను రకము ఎన్నుకొనవలెను. ఇట్టి చోటనే గుమాస్తాలు విసిగి, పేర్లను ఇంగ్లీషులో తోచినట్లు కొట్టుదురు. మస్తాన్ వలి మరల ఇద్దరగును.

ఈ కారణములచేత మన కళాశాల కంప్యూటరు గదిలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నేర్పుట మేలని కమిటీ వారికి మా మనవి. ధర లేదు, హద్దు లేదు, తెలుగు, ఉర్దూ పేర్లు రెండును ఒకే గడిలో చక్కగా ఇముడును. ఎస్‌క్యూలైట్‌ను మొదటి నెలలో చూపినచో పట్టికల భయము తీరును. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లను పెద్ద సంస్థలలో ఉద్యోగము కోరువారు చివర పరిచయము చేసికొనినచో చాలును. పరీక్షగా ఒక ఎరువుల కొట్టు లెక్కలను పట్టికలుగా అమర్చి, ఒక అమ్మకము నడుమ కంప్యూటరు మీట ఆర్పివేసి, మరల వెలిగించి రైతు బాకీ సరిచూడవలెను. పిమ్మట ఆ లెక్కలకు నకలు తీసి, వేరొక యంత్రములో ఎక్కించి, రెండింటి మొత్తములు కలియునో లేదో కాగితముపై కూడి చూడవలెను.