గంధరాజం అడిగే పులుపు

చిరంజీవి అమ్ములుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఫొటోలు అందాయి. గంధరాజం లేతాకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నూరువరహాలదీ అదే అవస్థ. ఇది ఇనుము అందక వచ్చే తెగులు. మట్టిలో ఇనుము ఉంటుంది. మట్టి పులుపుకి కొలత అయిన పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దాటాక ఆ ఇనుము వేర్లు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతుంది. గంధరాజానికి 5, 6 మధ్య ఉంటే హాయి. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ పెట్టిన ఈ కొలతలో ఒక్క అంకె తేడా అంటే పులుపులో పదిరెట్లు తేడా. అందుకే మట్టిని 8 నుంచి 6కి దింపడమంటే మాటలు కాదు.

ముందు నీళ్ల సంగతి చూడు. మీ కృష్ణానగర్ సందుల్లో అంతస్తు మీద అంతస్తు, కింద బోరు. ఆ నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. బకెట్ అంచున తెల్లటి చార కడుతోందే, అదే రోజూ కుండీలోకీ దిగుతోంది. మట్టికి ఎంత పులుపు పట్టించినా ఈ నీళ్లు విరిచేస్తాయి. వానాకాలంలో వాన నీళ్లు పట్టి ఉంచుకో. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల వాటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. సున్నం కొట్టిన డాబా మీంచి జారినవి మాత్రం వద్దు, బకెట్ ఆరుబయట పెట్టు. మిగతా రోజుల్లో బోరు నీళ్లలో నిమ్మరసమో వెనిగరో కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ కాగితం ముంచి చూడు. 6 దగ్గర ఆపెయ్యి. నువ్వు తెల్లారకముందే షూటింగుకి పోయే రోజుల్లో నీళ్లు పోసే పక్కగది పిల్లలకీ ఈ మాట చెప్పు.

ఇక మట్టి. పిడికెడు ఎండు మట్టి మీద వెనిగర్ పొయ్యి. బుసబుసా నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టే. ఇళ్లు కట్టేచోట ఎత్తి తెచ్చిన మట్టిలో సిమెంటు పెళ్లలు కలిసి ఉంటాయి, దాన్ని బాగుచేయబోకు. పారేసి ఎర్రమట్టి, కోకోపీట్, బాగా కుళ్లిన ఆకుల ఎరువు కలిపి నింపు. సిమెంటు కుండీ కూడా సున్నం వదులుతుంది, మట్టి కుండీ కొనుక్కో.

నురగ రాకపోతే గంధకం పొడి వాడు. 12 అంగుళాల కుండీకి తలకొట్టిన టీస్పూను చాలు. పై మట్టిలో కలిపి తేమ ఆరనివ్వకు. గంధకం తనంతట తాను పని చెయ్యదు. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చాలి, అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. ఏమీ కనిపించలేదని పది రోజులకే ఇంకో చెంచా వేశావో, వేర్లు మాడతాయి. మూడు నెలలు ఆగి, చెంచా మట్టిని రెండున్నర చెంచాల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరాక కాగితం ముంచు. ఆ నీళ్లు బ్యాటరీ దుకాణంలో దొరుకుతాయి.

వాడేసిన కాఫీ పొడి మీద ఆశ పెట్టుకోకు. పులుపు చాలావరకు డికాక్షన్‌లోకే పోతుంది, కంపోస్టుకి పనికొస్తుంది. గుడ్డు పెంకులు, కట్టెల బూడిద మాత్రం గంధరాజం, నూరువరహాల కుండీల దగ్గరికి రానివ్వకు.

ముదిరిన ఆకులు మళ్లీ పచ్చబడకపోవచ్చు, బెంగపడకు. కొత్త చిగురు రంగు చూడు, ఫొటో పంపు. తులసికి మాత్రం ఈ వైద్యమేదీ చెయ్యకు, అది బాగానే ఉంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ