శిక్షణ తరగతి గది దాకా రావాలి

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరి ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మధ్యలో చాలా ఏళ్లు రిసోర్స్ పర్సన్‌గా తోటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాను. అంతకన్నా ఎక్కువగా వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని శిక్షణ తీసుకున్నాను. హైస్కూలు టీచరు పాఠం బాగా చెప్పాలంటే ఎలాంటి శిక్షణ పనికొస్తుంది, ఎలాంటిది హాజరు రిజిస్టరులో సంతకంతోనే ఆగిపోతుంది అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. డీఎస్సీలో ఎంపికై కొత్తగా వస్తున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం, వాళ్లకు శిక్షణ ఇచ్చేవారి కోసం ఇది రాస్తున్నాను.

1. పిల్లల తప్పుల దగ్గర మొదలుపెట్టాలి

0.35, 0.4 ఈ రెండింటిలో ఏది పెద్దదని ఏడో తరగతిలో అడగండి. చాలామంది 0.35 అంటారు. ముప్పై అయిదు నాలుగు కన్నా పెద్దదే కదా! సగానికి మూడోవంతు కలపమంటే 2/5 అని రాస్తారు. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశారు. తొమ్మిదో తరగతికి వచ్చాక ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌ను ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసేస్తారు. వీటిని అజాగ్రత్త అని కొట్టిపారేయకూడదు. ఒకచోట పనిచేసిన నియమాన్ని పిల్లవాడు ఇంకోచోటికి తీసుకొచ్చాడు. ప్రతి తప్పు వెనకా ఒక ఆలోచన ఉంది. సూత్రం మళ్లీ గట్టిగా చెప్పి పదిసార్లు రాయిస్తే ఆ ఆలోచన కదలదు. ఒకే కొలత చదరాలు రెండు గీసి, ఒకదాన్ని పది పట్టీలుగా, రెండోదాన్ని వంద గళ్లుగా విభజించి, నాలుగు పట్టీలకూ ముప్పై అయిదు గళ్లకూ రంగు వేయిస్తే కదులుతుంది.

ఎక్కడ తడబడతారో, ఏ ఉదాహరణ చూపిస్తే తేరుకుంటారో తెలియడం ఒక ప్రత్యేకమైన జ్ఞానం. అమెరికా విద్యావేత్త లీ షుల్‌మన్ 1986లో దీన్ని విడిగా గుర్తించి, సబ్జెక్టు పరిజ్ఞానంతోనూ సాధారణ బోధనా పద్ధతులతోనూ కలపకుండా చూడాలని వాదించాడు. ఎమ్మెస్సీ చదివినంత మాత్రాన ఇది రాదు. బీఈడీ పరీక్షలో పియాజే, వైగాట్‌స్కీల మీద పేజీలు నింపినా రాదు.

నేను చూసిన శిక్షణల్లో అన్నిటికన్నా ఫలితమిచ్చింది ఈ పద్ధతి. టీచర్లను తమ తరగతి ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) జవాబు పత్రాలు తెమ్మంటాం. పేర్లు కనపడకుండా మడిచేస్తాం. నలుగురైదుగురు ఒక గుంపుగా కూర్చుంటారు. మార్కుల జోలికి పోకుండా, ఒకే రకం తప్పులున్న పత్రాలను ఒక కట్టగా పెడతారు. కట్టకు రెండే ప్రశ్నలు: ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసింది? రేపు తరగతిలో ఏ ప్రశ్న అడిగితే తన జవాబు మీద తనకే అనుమానం వస్తుంది? ఆ ప్రశ్నలు రాసుకుని వెళ్లి తరగతిలో వేయాలి. ఏం జరిగిందో వచ్చే నెల వచ్చి చెప్పాలి.

ఇది లెక్కలకే చెల్లుతుందనుకోవద్దు. బల్బు కరెంటును కొంత తినేసి మిగతాది పంపుతుందని పదో తరగతి పిల్లలు కూడా నమ్ముతారు. బల్బుకు ఇటొక అమ్మీటరు, అటొక అమ్మీటరు పెడితే రెండూ ఒకే రీడింగు చూపిస్తాయి. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పులేకుండా రాసిన పిల్లలే, మొక్క ఆహారమంతా మట్టిలోంచి తీసుకుంటుందంటారు. ఇంత పెద్ద వేపచెట్టులో కలప బరువంతా ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగి చూడండి. జీవశాస్త్రం టీచర్లకిచ్చే ఒక పూట శిక్షణ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద నడపొచ్చు.

2. చేయించే ప్రయోగం ముందుగా టీచరు చేయాలి

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని ప్రభుత్వ బడుల్లో చేపట్టాయి. తర్వాత 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ముందుకు తీసుకెళ్లింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ప్రయోగం చేసి, చూసి, చర్చించి సైన్సు నేర్చుకోవాలన్నది దాని పునాది. వేసవి శిక్షణకు వచ్చిన టీచర్లు ఉపన్యాసాలు వినలేదు. పిల్లల చేత చేయించాల్సిన ప్రయోగాలన్నీ పిల్లల్లాగే గుంపులుగా కూర్చుని తమ చేతులతో చేశారు. పెద్ద విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వాళ్ల మధ్య కూర్చున్నారు. ప్రయోగం చెడితే ఎందుకు చెడిందో తెలిసేదాకా వదల్లేదు. నెలనెలా టీచర్లు మళ్లీ కలిసి బడిలో ఎదురైన చిక్కులు చెప్పుకునేవారు. 2002లో ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపేసింది. దేశంలో టీచర్ల శిక్షణకు అంత మంచి నమూనా మరొకటి నాకు కనపడదు. దాన్ని ఆపడం మన బడులన్నిటికీ జరిగిన నష్టమని నమ్ముతాను.

మన దగ్గర ల్యాబు సామాను పెట్టెలు అట్టలు విప్పకుండానే బీరువాల్లో ఉన్న బడులు నాకు తెలుసు. సామాను లేకపోవడం కన్నా, టీచరు ఎప్పుడూ చేసి చూడకపోవడమే ఎక్కువగా అడ్డుపడుతుంది. అందరి ముందూ చెడిపోతుందేమోనన్న భయం అది. శిక్షణలో ఒకసారి చెడగొట్టుకుని బాగుచేసుకున్నవారికి ఆ భయం పోతుంది.

3. తిరిగి కలవని శిక్షణ నిలవదు

రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబుతారు. వాళ్లు జిల్లాలో చెబుతారు. జిల్లా వాళ్లు మండలంలో చెబుతారు. కాలువ ఎగువన నిండుగా పారిన నీరు చివరి ఆయకట్టుకు చేరేసరికి ఏమవుతుందో రైతుకు తెలుసు. ఇక్కడా అంతే. పై స్థాయిలో మూడు రోజులు చర్చించిన విషయం మండలానికి వచ్చేసరికి మాడ్యూల్ చదివి వినిపించడంగా మిగులుతుంది.

బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే పరిశోధకులు 1980ల నుంచి ఒక మాట చెబుతూ వచ్చారు. సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, అక్కడే సాధన చేయించినా, తరగతి గదిలోకి వెళ్లాక పక్కన నిలబడి సాయం చేసేవారు లేకపోతే కొత్త పద్ధతి టీచరు అలవాటులోకి చేరదని. నా అనుభవమూ అదే. వేసవిలో వరసగా పెట్టే పది రోజుల శిక్షణను రెండుగా విడగొట్టి, సగం వేసవిలో పెట్టి, మిగతా సగాన్ని నెలకో పూట చొప్పున సంవత్సరమంతా పరిస్తే అదే ఖర్చుకు ఎంతో మేలు జరుగుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. గంటలు సరిపోతాయి. వాటిని ఎలా పరుస్తామన్నదే అసలు సంగతి.

దీక్షా వేదిక మీద వచ్చే ఆన్‌లైన్ కోర్సులు సబ్జెక్టు విషయం తెలుసుకోవడానికి పనికొస్తాయి. పాఠం చెప్పడం మాత్రం వీడియో చూసి రాదు.

4. ప్రశ్న వేశాక ఆగడం సాధన చేయించాలి

మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో టేపులు రికార్డు చేసి చూసింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. ఖర్చు లేని ఈ మెళకువ నోటితో చెబితే రాదు. టీచరు తన పాఠాన్ని ఫోనులో రికార్డు చేసుకుని తానే వినాలి.

5. పక్క టీచరు తరగతిలో కూర్చోనివ్వాలి

జపాన్‌లో టీచర్లు కలిసి ఒక పాఠాన్ని తయారు చేసుకుంటారు. ఒకరు తరగతిలో చెబుతారు, మిగతావారు చూస్తారు, తర్వాత అందరూ కూర్చుని ఆ పాఠాన్ని సరిదిద్దుతారు. వందేళ్లు దాటిన అలవాటు అది. అక్కడ చూసేవారి కళ్లు టీచరు మీద ఉండవు, పిల్లల మీద ఉంటాయి. ఎవరు ఎక్కడ ఆగిపోయారు, ఎవరు పక్కవారి నోటుబుక్కులోకి చూశారు, ఏ మాటకు తలెత్తారు అన్నవి రాసుకుంటారు.

మన టీచర్లకు తమ గదిలోకి ఇంకో పెద్దమనిషి వస్తే తనిఖీ అనిపిస్తుంది. ఇన్నాళ్లూ అలాగే జరిగింది గనక వాళ్లను తప్పుపట్టలేం. అందుకే రెండు నియమాలు పెట్టేవాళ్లం. చూసినవారు పాఠం గురించే మాట్లాడాలి, మనిషి గురించి మాట్లాడకూడదు. ఎవరి రాతలూ పై అధికారికి వెళ్లకూడదు. సీనియర్ మాస్టార్లు ముందు తమ తలుపు తెరిస్తే కొత్తవాళ్లకు ధైర్యం వస్తుంది.

హైస్కూల్లో ఇంకో చిక్కుంది. చాలా బడుల్లో భౌతికశాస్త్రానికి ఒక్కరే, జీవశాస్త్రానికి ఒక్కరే స్కూల్ అసిస్టెంటు. తన సబ్జెక్టు మాట్లాడుకోవడానికి బడిలో తోడు ఉండదు. చుట్టుపక్కల బడులను కలిపే స్కూల్ కాంప్లెక్సులు ఈ లోటు తీర్చాలి. కొఠారీ కమిషన్ 1966లో ఇచ్చిన నివేదికలోనే వాటిని సిఫార్సు చేసింది. కాంప్లెక్సు సమావేశంలో సర్క్యులర్లు చదవడం మానేసి, ఆ నెల ఎవరైనా ఒకరు పిల్లల ముందు నిజమైన పాఠం చెప్పాలి.

6. బీఈడీ విద్యార్థిని ఖాళీ పోస్టులో కూర్చోబెట్టకూడదు

2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. అందులో 20 వారాలు బడిలో గడపాలి. ఇది మంచి మార్పు. కానీ టీచరు లేని తరగతిని వాళ్లకు అప్పగించి వదిలేస్తే ఆ 20 వారాల్లో నేర్చుకునేది పిల్లలను అరిచి కూర్చోబెట్టడమే. ప్రతి విద్యార్థికీ బడిలో ఒక మార్గదర్శి టీచరు ఉండాలి. ఆ టీచరుకు ఆ పనికోసం పీరియడ్లు తగ్గించాలి.

7. టీచరు భాష గురించి కూడా ఆలోచించాలి

తెలుగు మీడియంలో చదివి, తెలుగులో ఏళ్లతరబడి పాఠం చెప్పిన టీచరును రాత్రికి రాత్రి ఇంగ్లిష్ మీడియంలో చెప్పమన్నాం. చాలామంది పుస్తకం చదివించి ఆపేస్తున్నారు. తప్పు చెబుతానేమోనన్న సంకోచం వాళ్ల చేత ఉదాహరణలు కూడా మాన్పించింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. వాటిని తరగతిలో ఎలా నడపాలో శిక్షణలో చేసి చూపించాలి: ఆలోచన తెలుగులో తేల్చుకుని, సాంకేతిక పదాలూ రాసే వాక్యాలూ ఇంగ్లిష్‌లో కట్టడం. పిల్లలకు అర్థమయ్యే భాషలో వివరించడానికి టీచరు భయపడే పరిస్థితి ఏ బడిలోనూ ఉండకూడదు.

8. హెచ్.ఎం. దారి ఇవ్వకపోతే ఏ శిక్షణా నడవదు

శిక్షణలో నేర్చుకున్నది ప్రయత్నించే టీచరు గది మొదట్లో కాస్త గోలగా ఉంటుంది. సిలబస్ రెండు వారాలు వెనకబడుతుంది. ఆ సమయంలో వెన్నుదన్నుగా నిలబడాల్సింది హెచ్.ఎం. యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పని, లెక్కలు పంపే పని టీచరు పీరియడ్లలోకి రాకుండా అడ్డుకోవాల్సిందీ ఆయనే, ఆవిడే.

సాధారణంగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారమే టైంటేబుల్ వేస్తారు. హెచ్.ఎం.లకు నా విన్నపం ఒకటే. లెక్కలు, సైన్సు, భాషలు, సాంఘికం అని టీచర్లను జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు వారానికి ఒక పీరియడ్ ఉమ్మడిగా ఖాళీ ఇవ్వండి. ఆ పీరియడ్‌లో సబ్‌స్టిట్యూషన్ వేయకండి. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు.